రెండు సర్వర్లు, ఒక్క లీడర్: లీడర్ ఎలక్షన్ సరిగ్గా పెట్టుకోవడానికి పూర్తి గైడ్

"జాబ్‌ని రెండు సర్వర్ల మీద పెట్టాం. ఒకటి పడిపోతే రెండోది అందుకోవాలి, రెండూ కలిసి మాత్రం నడవకూడదు. ఎలా?" ఈ ప్రశ్న ఈ మధ్య వారానికొకరు అడుగుతున్నారు. అందరూ తెలుసుకోవాలనుకునేది కొత్త లీడర్‌ని, అంటే జాబ్ నడిపే ఆ ఒక్క సర్వర్‌ని, ఎలా ఎన్నుకోవాలని. అది తేలికైన సగం, రెడీమేడ్‌గా దొరుకుతుంది. తాను ఇంకా లీడర్‌నే అనుకుంటున్న పాత సర్వర్ చేత పని మాన్పించే దగ్గరే అందరం దెబ్బతింటాం. అందుకే ఈ గైడ్‌లో ఎక్కువ చోటు దానికే ఇచ్చాను.

ఉదాహరణకి ఒకే జాబ్ తీసుకుందాం: నెలనెలా కస్టమర్లకి బిల్లు ఎస్సెమ్మెస్‌లు పంపేది. నేను ఒకప్పుడు పనిచేసిన చోట సరిగ్గా ఇదే జాబ్ ఒక రాత్రి రెండు సర్వర్ల నుంచీ నడిచింది. తెల్లారేసరికి చాలామందికి ఒకే బిల్లు రెండుసార్లు వెళ్లింది, కస్టమర్ కేర్ వాళ్ల ఫోన్లు మధ్యాహ్నం దాకా ఆగలేదు. ఎలక్షన్ కోడ్‌లో వెతికితే తప్పేమీ దొరకలేదు. ఎందుకు దొరకలేదో 5, 6 భాగాల్లో చూద్దాం.

## 1. అసలు లీడర్ అవసరమా చూసుకోండి

లీడర్ లేకుండా జరిగే పనికి లీడర్‌ని పెట్టడం కోరి తలనొప్పి తెచ్చుకోవడమే.

మీ పని వరుసలో ఉన్న చిన్న చిన్న పనులైతే, అంటే టేబుల్‌లో వెయ్యి అడ్డువరుసలు ఉండి ఒక్కోదాన్ని ఎవరో ఒకరు తీసుకుంటే చాలనుకుంటే, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో 'ఫర్ అప్‌డేట్ స్కిప్ లాక్డ్' వాడండి. 9.5 వెర్షన్ నుంచి ఉంది. రెండు సర్వర్లూ ఒకేసారి పనిచేస్తాయి, ఒకదాని వరుసని ఇంకోటి ముట్టుకోదు, ఎలక్షన్ గొడవే ఉండదు.

రెండుసార్లు చేసినా ఫలితం మారని పని అయితే, ఉదాహరణకి క్యాష్‌ని (తాత్కాలికంగా దాచుకున్న డేటాని) మళ్లీ నింపడం, అసలు పట్టించుకోకండి. రెండుసార్లు నడవనివ్వండి.

లీడర్ నిజంగా కావాల్సింది ఇక్కడ:

- మొత్తం సిస్టమ్‌ని చూసి నిర్ణయం తీసుకోవాల్సిన పని, ఉదాహరణకి షెడ్యూలర్
- వరుస క్రమం తప్పకూడని పని
- ఒకరే రాయాల్సిన డేటా, ఉదాహరణకి డేటాబేస్ ప్రైమరీ (రాతలు తీసుకునే ప్రధాన కాపీ)
- ఒక టైమ్‌కి ఒక్కసారే మొదలవ్వాల్సిన బ్యాచ్

## 2. కోడ్ ముట్టుకునే ముందు రాసుకోవాల్సినవి

ఒక కాగితం తీసుకుని ఈ నాలుగూ రాయండి. రాయలేకపోతే మీకింకా సమస్య అర్థం కాలేదని లెక్క, నేను కూడా మొదట్లో మూడో దగ్గర ఇరుక్కున్నాను.

- లీడర్ లేకుండా ఎంతసేపు గడిచినా ఫర్వాలేదు? పది సెకన్లా, అయిదు నిమిషాలా?
- ఇద్దరు లీడర్లు ఒక నిమిషం పాటు ఉంటే జరిగే నష్టం ఏంటి? చిరాకా, డబ్బు పోవడమా, డేటా పాడవడమా?
- లీడర్ దేన్ని మారుస్తాడు? డేటాబేస్, ఫైల్, బయటి ఏపీఐ, ప్రతిదాని పేరూ రాయండి.
- ఆ మార్చే చోట్లలో "నువ్వు పాత లీడర్‌వి, పో" అని చెప్పగలిగేవి ఏవి?

మొదటి రెండు ప్రశ్నలూ ఒకదాన్నొకటి లాగుతుంటాయి. లీడర్ పోయిన వెంటనే కొత్తవాడు రావాలనుకుంటే టైమౌట్ తగ్గించాలి, తగ్గిస్తే నెట్‌వర్క్ కాస్త తడబడినా లీడర్ మారిపోతుంటాడు. బిల్లు ఎస్సెమ్మెస్ జాబ్‌కి అయిదు నిమిషాలు లీడర్ లేకపోయినా ఎవరికీ తెలియదు, అదే రెండుసార్లు వెళ్తే ఊరంతా తెలుస్తుంది. కాబట్టి మనం నిదానం వైపే మొగ్గుతాం.

## 3. ఓట్ల పెట్టె ఎక్కడుంటుందో తేల్చుకోండి

ఎలక్షన్ అల్గారిథమ్ మీరు రాయకండి. బుల్లీ, రింగ్ అల్గారిథమ్‌లు కాలేజీలో అందరం చదువుకున్నాం, ఇంటర్వ్యూల్లో చెప్పాం, అక్కడితో వదిలేయండి. బుల్లీలో పెద్ద నంబర్ ఉన్న నోడ్ (సర్వర్) గెలుస్తుంది, అవతలి నోడ్ నిర్ణీత టైమ్‌లో జవాబివ్వకపోతే చచ్చిపోయిందనుకుంటుంది. నెట్‌వర్క్ మధ్యలో తెగితే రెండు పక్కలా ఒక్కో లీడర్ పుట్టుకొస్తాడు, ఇద్దరి లెక్కా కరెక్టే.

దీనికి విరుగుడు మెజారిటీ. రాఫ్ట్ అనే అల్గారిథమ్ చేసేది అదే: ఒక టర్మ్‌లో, అంటే ఒక ఎన్నికల విడతలో, ఒక నోడ్ ఒక్క ఓటే వేస్తుంది, వేసిన ఓటుని డిస్క్ మీద రాసుకుంటుంది, సగం కంటే ఎక్కువ ఓట్లు వస్తేనే లీడర్. రెండు మెజారిటీల్లో కనీసం ఒక నోడ్ ఉమ్మడిగా ఉండాలి కాబట్టి ఒకే టర్మ్‌లో ఇద్దరు గెలవడం కుదరదు. ఈ పని ఎట్‌సీడీ అనే స్టోర్ చేసిపెడుతుంది, అలాంటిదే అయిన జూకీపర్ తన పద్ధతిలో తాను చేస్తుంది. మన జాబ్ వాటి దగ్గర ఒక లీజ్, అంటే గడువున్న హక్కు, తీసుకుంటే చాలు.

ఏది ఎంచుకోవాలి? మీ దగ్గర ఇప్పటికే నడుస్తున్నదే.

- కుబెర్నెటీస్ (కంటైనర్లని నడిపే సిస్టమ్) ఉంటే దాని లీజ్ ఆబ్జెక్ట్. వెనకాల ఎట్‌సీడీయే ఉంది.
- పోస్ట్‌గ్రెస్ మాత్రమే ఉంటే దాంట్లోనే ఒక లీజ్ టేబుల్.
- జూకీపర్ ఉంటే ఎఫెమెరల్ సీక్వెన్షియల్ నోడ్లు (వరుస నంబర్లతో పుట్టి, సర్వర్ పోతే మాయమయ్యే ఎంట్రీలు). ప్రతి సర్వర్ తన ముందున్న నోడ్ ఒక్కదాన్నే గమనించాలి. అందరూ మొదటి నోడ్‌నే గమనిస్తే అది పోగానే అందరూ ఒకేసారి ఎగబడతారు.
- రెడిస్ లాక్ అయితే, రెండుసార్లు నడిచినా కొంప మునగని పనులకి మాత్రమే. దాని రెప్లికేషన్ అసింక్రనస్, అంటే కాపీకి (రెప్లికాకి) రాత కాస్త ఆలస్యంగా చేరుతుంది. లాక్ రాసిన ప్రైమరీ ఆ సంగతి రెప్లికాకి చెప్పకముందే పోతే, కొత్త ప్రైమరీ దగ్గర లాక్ ఉండదు.

పోస్ట్‌గ్రెస్‌కి ఒక్క షరతు: ఫెయిలోవర్ (ప్రైమరీ పోతే రెప్లికా దాని చోటికి రావడం) ఉంటే సింక్రనస్ రెప్లికా పెట్టండి, అంటే రాత దానికి చేరేదాకా ప్రైమరీ ఆగాలి. లేదంటే చివరి లీజ్ రాత పోయిన రెప్లికా ప్రైమరీ అవుతుంది, రెడిస్ కథే మళ్లీ.

నోడ్ల సంఖ్య గురించి ఒక్క మాట. 3 నోడ్లుంటే 1 పోయినా నడుస్తుంది, 5 ఉంటే 2 పోయినా నడుస్తుంది. 4 పెడితే మెజారిటీకి 3 కావాలి, అంటే 1 పోవడాన్నే తట్టుకుంటుంది, నాలుగో సర్వర్ అద్దె దండగ.

చోట్ల లెక్క ఇంకా ముఖ్యం. ముంబైలో రెండు, హైదరాబాద్‌లో ఒకటి పెట్టి "రెండు ఊళ్లలో ఉన్నాం, సేఫ్" అనుకునేవాళ్లు చాలామంది. ముంబై పోతే హైదరాబాద్‌లోని ఒక్క నోడ్‌కి మెజారిటీ రాదు, సిస్టమ్ మొత్తం ఆగుతుంది. రెండు చోట్లతో ఈ చిక్కు ఎప్పటికీ తీరదు, మూడో చోటు ఉండాల్సిందే. అందుకే ఒక రీజియన్‌లోని మూడు అవైలబిలిటీ జోన్లలో (ఒకదానితో ఒకటి సంబంధం లేని డేటా సెంటర్లలో) తలా ఒకటి పెట్టడం మామూలు వాళ్లకి మంచిది. అమెజాన్ క్లౌడ్‌కి ముంబైలోనూ మూడు జోన్లున్నాయి, 2022 నవంబర్‌లో మొదలైన హైదరాబాద్ రీజియన్‌లోనూ మూడున్నాయి.

ఖండం దాటి ఆటోమేటిక్‌గా లీడర్‌ని మార్చే ముందు 2018 అక్టోబర్ 21న గిట్‌హబ్‌కి ఏమైందో తెలుసుకోండి. అమెరికా తూర్పు తీరంలో వాళ్ల నెట్‌వర్క్ హబ్‌కీ డేటా సెంటర్‌కీ మధ్య లింకు తెగింది 43 సెకన్లు మాత్రమే. ఆ లోపల మిగతా చోట్ల ఉన్న ఆర్కెస్ట్రేటర్ (ప్రైమరీ ఎవరో తేల్చే టూల్) నోడ్లు మెజారిటీ కూడగట్టుకుని డేటాబేస్ ప్రైమరీలని పడమటి తీరానికి మార్చేశాయి, తూర్పున అప్పటికే పడిన కొన్ని రాతలు అటు చేరనేలేదు. సర్వీసు మామూలు స్థితికి రావడానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. మెజారిటీ తన పని తాను తప్పులేకుండా చేసింది, అంత దూరం మారడానికి అనుమతి ఇచ్చిన సెట్టింగ్ దగ్గరే చిక్కు. ఆ తర్వాత రీజియన్ దాటి ప్రమోట్ చేయకుండా వాళ్లు ఆ సెట్టింగ్ మార్చుకున్నారు.

## 4. లీజ్ టేబుల్ కట్టండి

పోస్ట్‌గ్రెస్‌తో చూపిస్తాను, ఎక్కువమంది దగ్గర ఉండేది అదే. టేబుల్‌లో నాలుగు కాలమ్‌లు: జాబ్ పేరు, ఎవరి చేతిలో ఉంది, లీజ్ నంబర్, గడువు టైమ్. జాబ్ పేరు ప్రైమరీ కీ. ఒక వరుస ముందే వేసి పెట్టండి, నంబర్ 0, గడువు నిన్నటిది.

లీజ్ తీసుకోవడం. ఒకే ఒక్క అప్‌డేట్ స్టేట్‌మెంట్: ఈ జాబ్ గడువు దాటి ఉంటేనే, పేరు నాది చెయ్యి, నంబర్‌కి 1 కలుపు, గడువుని ఇప్పటి నుంచి 15 సెకన్లు చెయ్యి, కొత్త నంబర్ నాకివ్వు. ఒక వరుస మారితే గెలిచారు, సున్నా మారితే ఓడారు. ముందు సెలెక్ట్ చేసి చూసి తర్వాత అప్‌డేట్ చేయకండి, ఆ రెండింటి మధ్యలో ఇంకొకడు దూరతాడు.

రెన్యూ చేయడం. పేరు నాదే, నంబర్ కూడా నాదే అయితేనే గడువు పెంచు. సున్నా వరుసలు మారితే మీ లీజ్ పోయింది, వెంటనే పని ఆపండి.

రెండు చోట్ల కళ్లు పెట్టుకుని చూడండి. మొదటిది, టైమ్ డేటాబేస్‌దే వాడాలి, సర్వర్లది కాదు. అప్పుడు గడియారం ఒక్కటే అవుతుంది. రెండోది, 'నౌ' ఫంక్షన్ వాడకండి, 'క్లాక్ టైమ్‌స్టాంప్' వాడండి. పోస్ట్‌గ్రెస్‌లో 'నౌ' అంటే ట్రాన్సాక్షన్ మొదలైన టైమ్. మీ అప్‌డేట్ ఏదైనా లాక్ కోసం 10 సెకన్లు ఆగి ఉంటే, 15 సెకన్ల గడువులో 10 అప్పటికే కరిగిపోయి ఉంటాయి, చేతికొచ్చేది 5 సెకన్ల లీజ్.

"అడ్వైజరీ లాక్ ఉందిగా, టేబుల్ ఎందుకు?" అంటారు కొందరు. అది కనెక్షన్‌కి కట్టేసిన లాక్. మధ్యలో పీజీబౌన్సర్ (కనెక్షన్లని అందరికీ పంచే టూల్) ట్రాన్సాక్షన్ మోడ్‌లో ఉంటే మీ సెషన్ ఎవరిదో మీకే తెలియదు. లీడర్ మెషీన్ కరెంటు పోయినట్టు హఠాత్తుగా మాయమైతే, కనెక్షన్ తెగిందని అవతల డేటాబేస్‌కి తెలిసే దారి లేదు. లినక్స్‌లో టీసీపీ కీప్‌అలైవ్ (అవతలివాడు ఉన్నాడా అని పలకరించడం) డిఫాల్ట్ 7200 సెకన్లు, అంటే మొదటి పలకరింపుకే రెండు గంటలు. ఆ రెండు గంటలూ లాక్ చచ్చిన లీడర్ చేతిలోనే. వాడాలనుకుంటే కనీసం ఆ సెట్టింగ్ తగ్గించండి.

పేరు సంగతి. లీజ్ పట్టుకునేవాడి పేరు ప్రతి ప్రాసెస్‌కీ వేరుగా ఉండాలి. హోస్ట్ పేరుకి ఒక ర్యాండమ్ ముక్క తగిలించండి, ప్రాసెస్ మొదలైన ప్రతిసారీ కొత్తది. కాన్ఫిగ్ ఫైల్‌లో పేరు రాసి అదే ఫైల్‌ని రెండు సర్వర్లకీ కాపీ చేసినవాళ్లని చూశాను. ఇద్దరి పేరూ ఒకటే కాబట్టి ఇద్దరూ లీడర్లే, లాగ్‌లో ఎక్కడా ఎర్రర్ లేదు.

## 5. టైమ్‌ల లెక్క

మూడు అంకెలుంటాయి. కుబెర్నెటీస్ క్లయింట్-గో లైబ్రరీతో నడిచే దాని సొంత కాంపోనెంట్లకి డిఫాల్ట్‌గా ఉండేవి ఇవి: లీజ్ 15 సెకన్లు, రెన్యూ డెడ్‌లైన్ 10 సెకన్లు, మళ్లీ ప్రయత్నం 2 సెకన్లకి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే వీటితో మొదలుపెట్టండి.

అర్థం ఏంటంటే, 10 సెకన్లలోపు రెన్యూ చేయలేకపోతే లీడర్ తనంతట తాను దిగిపోతాడు, మిగతావాళ్లు 15 సెకన్ల దాకా ఆగుతారు. మధ్యలోని ఆ 5 సెకన్లే మీ రక్షణ గోడ. ఆ తేడాని చూసి "ఎందుకు దండగ" అని 15, 14 అని పెట్టేవాళ్లున్నారు. పెట్టకండి.

లీడర్ తన 10 సెకన్లు ఎక్కడి నుంచి లెక్కపెట్టాలి? రెన్యూ రిక్వెస్ట్ పంపే ముందు టైమ్ నోట్ చేసుకుని అక్కడి నుంచి. జవాబు వచ్చిన టైమ్ నుంచి లెక్కపెడితే, జవాబు 4 సెకన్లు ఆలస్యమైనప్పుడు మీ గోడలో 4 సెకన్లు ఎగిరిపోతాయి. ఈ లెక్కకి మోనోటోనిక్ (ఎప్పుడూ ముందుకే నడిచే) గడియారం వాడండి. మామూలు గడియారాన్ని ఎన్టీపీ (టైమ్ సరిచేసే సర్వీసు) ముందుకీ వెనక్కీ జరుపుతుంది.

ఎట్‌సీడీ మీరే నడుపుతుంటే దాని లోపలి అంకెలు వేరు: హార్ట్‌బీట్ (బతికున్నానని లీడర్ పంపే సిగ్నల్) 100 మిల్లీసెకన్లు, ఎలక్షన్ టైమౌట్ 1000. ఒకే చోట ఉన్న మెషీన్లకి ఇవి సరిపోతాయి. నోడ్ల మధ్య దూరం పెరిగితే, రౌండ్ ట్రిప్ టైమ్‌కి కనీసం పదింతలు ఎలక్షన్ టైమౌట్ ఉండేలా పెంచాలి. లీడర్ ఊరికే మారిపోతుంటే అందరూ నెట్‌వర్క్‌ని తిడతారు, నేనైతే ముందు డిస్క్ చూస్తాను. లాగ్ డిస్క్‌కి చేరే టైమ్ 99వ పర్సంటైల్‌లో, అంటే వందలో 99 సార్లు, 10 మిల్లీసెకన్ల లోపు ఉండాలి. చవక డిస్క్ మీద అది దాటిపోతుంటుంది.

ఇంత చేసినా మా ఎస్సెమ్మెస్‌లు రెండుసార్లు వెళ్లాయి. ఎలాగో చూడండి:

- 10:00:00: 'ఏ' సర్వర్ లీజ్ రెన్యూ చేసింది. నంబర్ 41.
- 10:00:01: 'ఏ' తనని తాను అడిగింది, "గడువు ఉందా?" ఉంది. తర్వాతి లైన్‌లో రాత మొదలుపెట్టబోయింది.
- 10:00:01: సరిగ్గా అక్కడే ప్రాసెస్ బిగుసుకుపోయింది. గార్బేజ్ కలెక్షన్ (వాడని మెమరీని ఖాళీ చేయడం) కావచ్చు, వర్చువల్ మెషీన్ పాజ్ కావచ్చు.
- 10:00:15: లీజ్ గడువు తీరింది.
- 10:00:16: 'బి' లీజ్ తీసుకుంది. నంబర్ 42. పని మొదలుపెట్టింది.
- 10:00:21: 'ఏ' మేలుకుంది. దాని లెక్కలో టైమ్ గడవనే లేదు, చెక్ పై లైన్‌లోనే అయిపోయింది. రాసేసింది.

ఇక్కడ ఎలక్షన్ తప్పు ఒక్కటీ లేదు. 'ఏ' కోడ్‌లో ఎన్ని చెక్‌లు పెట్టినా చెక్‌కీ రాతకీ మధ్య సందు మిగిలే ఉంటుంది. క్లయింట్-గో కోడ్‌లోనే పైన రాసి ఉంటుంది, ఒక్కరే లీడర్‌గా పనిచేస్తారని ఈ లైబ్రరీ గ్యారంటీ ఇవ్వదని. చదివేవాళ్లు తక్కువ.

## 6. పాత లీడర్‌ని గుమ్మం దగ్గరే ఆపండి

ఊళ్లో కొత్త సర్పంచ్ గెలిచాడు. పాత సర్పంచ్ దగ్గర సంతకం చేసిన పాత చెక్కులు ఇంకా ఉన్నాయి. ఆయనకి నచ్చజెప్పడం వల్ల పని జరగదు, బ్యాంకులో నమూనా సంతకం మార్చాలి. చెక్కు కౌంటర్ దగ్గర ఆగిపోవాలి.

మన లీజ్ నంబరే ఆ నమూనా సంతకం. దీన్నే ఫెన్సింగ్ టోకెన్ అంటారు. లీడర్ మారిన ప్రతిసారీ నంబర్ పెరుగుతుంది, ప్రతి రాతతో పాటు లీడర్ తన నంబర్ పంపుతాడు, రాత అందుకునే చోటు "ఇంతకంటే పెద్ద నంబర్ చూశాను" అనుకుంటే తిప్పికొడుతుంది. 10:00:21కి 'ఏ' 41తో వస్తే, 42 చూసిన డేటాబేస్ పొమ్మంటుంది.

లీజ్ టేబుల్, పని టేబుల్ ఒకే పోస్ట్‌గ్రెస్‌లో ఉంటే క్రమం ఇది:

1. ట్రాన్సాక్షన్ మొదలుపెట్టండి.
2. లీజ్ వరుసని 'ఫర్ షేర్' లాక్‌తో చదవండి.
3. నంబర్ మీదేనా చూడండి. కాకపోతే రోల్‌బ్యాక్ చేసి ప్రాసెస్ ఆపేయండి.
4. మీ రాత రాయండి.
5. కమిట్.

లాక్ పట్టుకుని ఉన్నంతసేపూ 'బి' ఆ వరుసని మార్చలేదు, కాబట్టి సందు మూసుకుంది. దీనికి ఒక ఖర్చుంది: మీ సొంత రెన్యూ కూడా ఆ లాక్ దగ్గర ఆగుతుంది, ఎందుకంటే అది వేరే కనెక్షన్. అందుకే ట్రాన్సాక్షన్లు ఒక సెకను లోపు ముగిసేలా చిన్నవిగా కోయండి. లాక్ పట్టుకుని బిగుసుకుపోయే లీడర్ కోసం 'ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్' టైమౌట్ (ఊరికే తెరిచి ఉన్న ట్రాన్సాక్షన్‌ని ముగించేది) పెట్టండి, లేకపోతే 'బి' అనంతంగా ఎదురుచూస్తుంది.

వేరే స్టోర్‌లో రాస్తుంటే, ప్రతి వరుసలోనూ చివరిగా రాసినవాడి నంబర్ కాలమ్ ఉంచి, "నా నంబర్ దానికి సమానం లేదా ఎక్కువ అయితేనే మార్చు" అని షరతు పెట్టండి. కొత్త లీడర్ ఇంకా ముట్టుకోని వరుసలో పాతవాడి రాత పడే వీలు దీంట్లో మిగులుతుంది. అది మీకు నష్టమైతే, పని మొదలుపెట్టే ముందే కొత్త లీడర్ తన నంబర్‌ని సంబంధిత వరుసలన్నిటిలో వేయాలి.

నంబర్ ఎక్కడి నుంచి తేవాలి?

- ఎట్‌సీడీలో: మీ కీ పుట్టినప్పటి రివిజన్ నంబర్.
- జూకీపర్‌లో: మీ నోడ్ పుట్టినప్పటి జెడ్‌ఎక్స్‌ఐడీ (ట్రాన్సాక్షన్ నంబర్).
- కుబెర్నెటీస్ లీజ్‌లో: 'లీజ్ ట్రాన్సిషన్స్' అనే ఫీల్డ్.

చివరిదానితో జాగ్రత్త. ఎవరైనా శుభ్రం చేద్దామని లీజ్ ఆబ్జెక్ట్‌ని డిలీట్ చేస్తే లెక్క మళ్లీ 0 నుంచి మొదలవుతుంది, అప్పుడు కొత్త లీడరే గుమ్మం దగ్గర ఆగిపోతాడు. పాత పేరుతోనే తిరిగి లేచిన పాడ్‌కి (కుబెర్నెటీస్‌లో నడిచే ఒక కాపీకి) లీజ్ దొరికితే ఆ లెక్క పెరగదు కూడా. పేరులో ర్యాండమ్ ముక్క పెట్టమన్నది అందుకే.

## 7. నంబర్ అర్థం కాని బయటి సిస్టమ్

ఎస్సెమ్మెస్ గేట్‌వేకి మీ 41, 42 తెలియవు, అక్కడ ఫెన్సింగ్ పనిచేయదు. మరి?

పంపే ముందు మీ డేటాబేస్‌లో ఒక వరుస వేయండి: కస్టమర్ నంబర్, బిల్లు నెల. ఈ రెండింటి మీద కలిపి యూనిక్ కన్‌స్ట్రెయింట్. వరుస పడితేనే పంపండి, పడకపోతే ఇంకెవరో తీసుకున్నట్టు, వదిలేయండి. 'ఏ', 'బి' ఇద్దరూ లీడర్లమనుకున్నా ఒక కస్టమర్‌కి ఒకరే వరుస వేయగలరు.

వరుస వేశాక, పంపేలోపు ప్రాసెస్ చచ్చిపోతే ఆ ఒక్క ఎస్సెమ్మెస్ వెళ్లదు. వెళ్లిందో లేదో తెలియని వాటిని మళ్లీ పంపాలా వద్దా అన్నది బిజినెస్ వాళ్లని అడిగి తేల్చుకోవాల్సిన విషయం. బిల్లు గుర్తుచేయడం అయితే ఉదయం ఒక మనిషి లిస్టు చూసి పంపినా సరిపోతుంది. డబ్బు చెల్లింపు అయితే గేట్‌వే ఐడెంపొటెన్సీ కీ (అదే రిక్వెస్ట్ మళ్లీ వస్తే గుర్తుపట్టే విలువ) తీసుకుంటుందేమో చూడండి, తీసుకుంటే అదే కస్టమర్, నెల కలిపిన విలువ ఇవ్వండి. రిక్వెస్ట్‌కొక ర్యాండమ్ విలువ ఇస్తే అసలు ఇవ్వనట్టే.

## 8. మర్యాదగా దిగిపోవడం

డిప్లాయ్ చేసిన ప్రతిసారీ లీడర్ మారతాడు, క్రాష్ కంటే ఇదే ఎక్కువసార్లు జరుగుతుంది. క్రమం:

1. ఆపమని సిగ్నల్ రాగానే కొత్త పని తీసుకోవడం మానండి.
2. చేతిలో ఉన్న పని పూర్తి చేయండి లేదా రోల్‌బ్యాక్ చేయండి.
3. వర్కర్ థ్రెడ్‌లన్నీ ముగిశాయని నిర్ధారించుకోండి.
4. అప్పుడు లీజ్ వదలండి.
5. ప్రాసెస్ ఆపండి.

4ని ముందుకి తెచ్చినవాళ్లే ఎక్కువ. లీజ్ వదిలేసి, వెనకాల థ్రెడ్ ఇంకా రాస్తూనే ఉంటుంది. కుబెర్నెటీస్ పాడ్‌కి డిఫాల్ట్‌గా 30 సెకన్ల గడువే ఇస్తుంది, మీ పని అంతకంటే ఎక్కువ పడితే ఆ గడువు పెంచండి.

లీజ్ పోయిందని తెలిసిన లీడర్‌ని మళ్లీ ఫాలోవర్‌గా (లీజ్ కోసం ఎదురుచూసే సర్వర్‌గా) మార్చే తెలివైన కోడ్ రాయకండి. ప్రాసెస్‌ని చంపేసి కొత్తగా మొదలుపెట్టండి. పాత టైమర్లు, సగం పని, క్యాష్, అన్నీ దానితోపాటే పోతాయి.

## 9. నేను తరచూ చూసే మరికొన్ని తప్పులు

రెడీనెస్‌ని (పాడ్ సిద్ధంగా ఉందా అని కుబెర్నెటీస్ చేసే చెక్‌ని) లీడర్‌కి ముడిపెట్టడం. "లీడర్ అయితేనే రెడీ" అని ప్రోబ్ రాస్తారు. రోలింగ్ అప్‌డేట్‌లో కొత్త పాడ్ రెడీ అయితేనే పాతది పోతుంది, పాతది పోతేనే కొత్తదానికి లీజ్ వస్తుంది. ఇద్దరూ "ముందు మీరు, ముందు మీరు" అంటూ నిలబడిపోతారు. ఫాలోవర్ కూడా రెడీయే అని చెప్పించండి.

ఊపిరి ఉంది, పని లేదు. రెన్యూ ఒక థ్రెడ్, పని ఇంకో థ్రెడ్. పని థ్రెడ్ డెడ్‌లాక్ అయింది, రెన్యూ మాత్రం హాయిగా సాగుతోంది. లీజ్ పోదు, కొత్త లీడర్ రాడు, పనీ జరగదు. పని థ్రెడ్ ప్రతి అడుగుకీ ఒక టైమ్ నోట్ చేయాలి, అది మరీ పాతదైతే రెన్యూ థ్రెడ్ తనంతట తాను మానుకోవాలి.

పర్మిషన్లు. కుబెర్నెటీస్‌లో లీజ్‌ల మీద గెట్, క్రియేట్, అప్‌డేట్ మూడూ కావాలి. అప్‌డేట్ మర్చిపోతే మొదటి రోజు లీడర్ వస్తాడు, రెన్యూ కాక పోతాడు, ఆ తర్వాత ఎవరూ రారు.

## 10. పాడుచేసి చూడండి

టెస్ట్ సర్వర్ మీద, ఈ వరుసలోనే:

- లీడర్‌ని సిగ్‌కిల్‌తో (ప్రాసెస్‌ని వెంటనే చంపే సిగ్నల్) చంపండి. 15 సెకన్ల పైన ఇంకొన్ని సెకన్లలో కొత్తవాడు రావాలి.
- లీడర్‌కి సిగ్‌స్టాప్ (ప్రాసెస్‌ని బిగించేది) పంపి, 30 సెకన్లు ఆగి, సిగ్‌కాంట్ (మళ్లీ నడిపించేది) పంపండి. మేలుకున్నాక దాని రాత తిరస్కరించబడాలి. లాగ్‌లో ఆ తిరస్కారం కళ్లారా చూసేదాకా ఆపకండి.
- లీడర్‌కీ లీజ్ స్టోర్‌కీ మధ్య ఫైర్‌వాల్ పెట్టండి, పని రాసే డేటాబేస్‌కి దారి మాత్రం ఉంచండి. లీజ్, పని వేర్వేరు చోట్ల ఉన్నవాళ్లకి ఇది అసలు పరీక్ష.
- లీడర్ మెషీన్ గడియారం పది నిమిషాలు ముందుకి తిప్పండి. ఏమీ జరగకూడదు.
- పని మధ్యలో డిప్లాయ్ చేయండి, వరుసగా అయిదుసార్లు.

రెండోది చేయడానికి అయిదు నిమిషాలు పడుతుంది. మా దగ్గర ఆ రాత్రికి ముందు ఎవరైనా ఈ అయిదు నిమిషాలు పెట్టి ఉంటే బాగుండేది. పెట్టాల్సినవాళ్లలో నేనూ ఉన్నాను.

## 11. రాత్రి రెండింటికి ఫోన్ వస్తే

మూడు అలర్ట్‌లు ముందే పెట్టుకోండి: 60 సెకన్లుగా లీడర్ లేడు, గంటలో లీడర్ మూడుసార్లకి మించి మారాడు, ఫెన్సింగ్ తిరస్కారం ఒక్కటైనా వచ్చింది. మూడోది వస్తే కంగారు పడకండి, గోడ పనిచేసిందనే అర్థం, కానీ పొద్దున్నే కారణం వెతకండి.

"లీడర్ లేడు" అని వస్తే ఇలా చూడండి:

1. లీజ్ స్టోర్ బతికుందా? మెజారిటీ ఉందా? లేకపోతే జాబ్‌ని వదిలేసి ముందు దాన్ని లేపండి.
2. లీజ్ వరుసలో గడువు ఎప్పటిది? భవిష్యత్తులో చాలా దూరం ఉంటే డేటాబేస్ గడియారం ఎప్పుడో దారి తప్పింది.
3. ఫాలోవర్ల లాగ్‌లో తీసుకునే ప్రయత్నాలు కనిపిస్తున్నాయా? కనిపించకపోతే అసలు లూప్ నడవడం లేదు, రీస్టార్ట్ చేయండి.
4. ప్రయత్నం ఉంది, వరుస మారడం లేదంటే ఎవరో లాక్ పట్టుకున్నారు. పోస్ట్‌గ్రెస్‌లో ఆ సెషన్ వెతికి ముగించండి.

ఏది చేసినా లీజ్ వరుసని చేత్తో డిలీట్ చేయకండి, నంబర్ తగ్గించకండి. మరీ తప్పకపోతే గడువుని మాత్రం గతానికి మార్చండి, అప్పుడు తీసుకునేవాడు నంబర్ పెంచుకునే తీసుకుంటాడు.